పన్నెండు ట్యాంకులు

మా ఇంట్లో పురుగుమందును విషం అంటాం. "రేపు చేనుకు విషం కొట్టాలి", "విషం డబ్బా ఎక్కడ పెట్టారు", "విషం చేతులతో కంచం ముట్టుకోకు" అన్నవి మాకు మామూలు మాటలు. ఒకసారి మా ఆడపడుచు నాలుగు రోజులు ఉందామని వచ్చి, రెండో రోజే, "వదినా, మీ ఇంట్లో మంచినీళ్ళు అడగాలన్నా గుండె దడదడలాడుతోంది" అంది. మంచిదే అన్నాను. దడ పుట్టాల్సిన వస్తువు పేరు వింటే దడ పుట్టాలి. పుట్టకుండా ఉండడానికే లోకమంతా కలిసి దానికి మందు అని ముద్దుపేరు పెట్టింది.

ఈ పేరు మార్పు నేను సరదాకి చేయలేదు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో ఒక మధ్యాహ్నం, ఒక మనిషి ప్రాణం ఆ మాట దగ్గర ఇరుక్కుపోయింది. అందులో నా తప్పు ఉంది. ఎంతుందో కూడా చెబుతాను. ఎదుటివాళ్ళ తప్పులు చెప్పేటప్పుడు నేను ఎప్పుడూ మొహమాటపడలేదు కాబట్టి, నాది చెప్పేటప్పుడు పడితే బాగుండదు.

మాది జూలూరుపాడు దాటాక రోడ్డు వదిలి లోపలికి వెళ్ళే ఊరు. మా చేలు అయిపోయిన చోట అడవి మొదలవుతుంది. మా ఆయన తాతగారు కృష్ణా జిల్లా నుంచి భూమి వెతుక్కుంటూ వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. నేను వైరా పిల్లను. ఖమ్మంలో బీఎస్సీ చదివాను. పెళ్ళయిన కొత్తలో మా అత్తగారు వచ్చినవాళ్ళందరికీ నన్ను చూపించి "మా కోడలు చదువుకుంది" అని గర్వంగా చెప్పేది. ఆరు నెలలు తిరిగేసరికి అదే మాట దిగులుగా చెప్పడం మొదలుపెట్టింది. నేను ప్రతిదానికీ ఎందుకు అని అడిగేదాన్ని. అడిగి ఊరుకోకుండా, వచ్చిన జవాబు బాగాలేదని కూడా చెప్పేదాన్ని.

మా చేనుకు మందు కొట్టేది అడవి అంచున ఉన్న కోయగూడెం నుంచి వచ్చే మనిషి. అప్పటికి నలభై ఏళ్ళుంటాయేమో. పదేళ్ళుగా మాకు అతనే. ఆ రోజుల్లో పత్తికి పచ్చపురుగు పట్టిందంటే వారానికోసారి పిచికారీ పడాల్సిందే, వీపు మీద పంపు లేకుండా అతన్ని చూసిన రోజులు తక్కువ. డబ్బా మూతతో కొలిచి బకెట్లో పోసి, మోచేతి దాకా చెయ్యి పెట్టి కలిపేవాడు. పంపు నిండా ఒకసారి పోస్తే ఒక ట్యాంకు లెక్క.

"పక్కన కట్టె పెట్టుకుని చెయ్యెందుకు పెడతవయ్యా?" అని నేను అరిచేదాన్ని.

"చెయ్యికైతే చల్లగ తగుల్తదమ్మా. కలిసింది లేనిది ఎర్కైతది. కట్టెకేం తెలుస్తది?" అనేవాడు నవ్వుతూ.

మందు కొట్టిన మర్నాడు కలుపు తీయడానికి వచ్చిన ఆడవాళ్ళలో ఇద్దరో ముగ్గురో తలనొప్పి అని గట్టు మీద కూర్చునేవాళ్ళు. కళ్ళు మంటలనేవాళ్ళు. ముంజేతుల మీద దద్దుర్లు చూపించేవాళ్ళు. ఎండదెబ్బ అనేవాళ్ళం. వర్షం పడ్డ మర్నాడు కూడా ఎండదెబ్బే. ఎండ తిరిగి మాట్లాడదు కాబట్టి అన్నీ దాని మీదే వేసేవాళ్ళం. ఎందుకని అడిగే నేను, దీన్ని మాత్రం అడగలేదు.

అడగనిది ఇంకొకటి ఉంది. మందు కొట్టిన మనిషికి పని అయ్యాక కల్లు పోయడం మా మామగారి కాలం నుంచి ఉన్న ఆనవాయితీ. విరుగుడు కల్లు అనేవాళ్ళు. ఒంటికి పట్టిన మందును కల్లు విరిచేస్తుందని నమ్మకం. అందుకే పిచికారీ రోజున గూడెం నుంచి జీలుగు చెట్టు కల్లు తెప్పించి పెరట్లో చెట్టు కింద ఉంచేవాళ్ళం. ఆ కల్లు తీయగా, చల్లగా ఉంటుంది. అతను ఇష్టంగా తాగేవాడు. మేమేదో మేలు చేస్తున్నామన్న తృప్తి మాకు. అతనికి తాగానన్న తృప్తి. ఇందరు తృప్తిగా ఉన్న పనిలో వేలు పెట్టి వాదించడానికి నాకూ మనసు రాలేదు.

ఆ రోజు మా ఆయన ఖమ్మం వెళ్ళాడు. దసరా అయిపోయిన మరుసటి వారం. ఉక్కగా ఉంది. మిట్టమధ్యాహ్నం అతను పంపు దించకుండానే పెరటి గుమ్మం దగ్గరికి వచ్చాడు.

"అమ్మా, తల తిరుగుతంది. కండ్లకు మబ్బు కమ్మినట్లున్నది."

"ఎన్ని ట్యాంకులైనయ్?"

"పన్నెండు."

"పన్నెండు ట్యాంకులు ఎండల మోస్తే ఎవరికైనా తిరుగుతది. ఏమన్న తిన్నవా?"

"తినబుద్ధి కాలే. నోట్లె నీళ్ళూరుతున్నయ్."

పంపు దించుకుంటే చూశాను. చొక్కా వీపు మొత్తం తడిసి ఒంటికి అంటుకుని ఉంది. చెమట అనుకున్నాను. అది చెమట కాదు. ఆ పంపుకు అడుగున వాషరు అరిగిపోయి ఉంది. మా ఆయన దానికి సైకిల్ ట్యూబు ముక్క చుట్టి కట్టాడు. పొద్దుటి నుంచి పన్నెండు ట్యాంకుల మందు కొంచెం కొంచెంగా ఆ వీపు మీదికే కారింది. పంపు మాది, సైకిల్ ట్యూబు మాది, వీపు ఒక్కటే అతనిది.

"చెట్టు కింద కూసో. కల్లు పోస్త, సర్దుకుంటది" అన్నాను. బీఎస్సీ చదివిన నా చేతులతో నేనే చెంబెడు కల్లు తెచ్చి పోశాను.

సగం తాగాడు. కక్కాడు. లేవబోయి పక్కకి ఒరిగిపోయాడు. అవతల మిరప మడిలో ఉన్న అతని భార్య నా కేక విని పరుగెత్తుకొచ్చింది. దగ్గర్లో ట్రాలీ ఆటో దొరికితే ఎక్కించాం. దారి పొడవునా ఆమె అతని తల ఒళ్ళో పెట్టుకుని, నోటి నుంచి కారే సొంగ కొంగుతో తుడుస్తూనే ఉంది. తొడల మీద, చేతుల మీద కండలు చర్మం కింద పురుగులు పాకినట్టు అదురుతున్నాయి. ఊపిరి గురగురమంటోంది.

ఆ దవాఖానా ఏ ఊరిదో చెప్పను. అక్కడ జరిగిన పొరపాటు ఏ ఊళ్ళోనైనా జరిగేదే. నేను స్ట్రెచర్ కోసం వరండా చివరికి పరుగెత్తి, దాని చక్రాలు తిరగక ఈడ్చుకుంటూ వచ్చేసరికి గది ముందు జనం అతన్ని చూసి నవ్వుతున్నారు. మా మనిషిని బల్ల మీద పడుకోబెట్టారు. డాక్టరు కోస్తా వైపు నుంచి కొత్తగా వచ్చిన యువకుడు. ముక్కు దగ్గర చెయ్యి పెట్టుకుని అడుగుతున్నాడు.

"ఏమైందమ్మా?"

"మందు కొట్టిండు సారూ. కొట్టి కొట్టి పడిపోయిండు."

"తెలుస్తూనే ఉందిలే. ఎంత కొట్టాడు?"

"పొద్దుగాలసంది పన్నెండు ట్యాంకులు."

వరుసలో ఉన్నవాళ్ళు మళ్ళీ ఘొల్లుమన్నారు. "పన్నెండు ట్యాంకులే! కడుపా, చెరువా?" అన్నాడొకడు. డాక్టరు కూడా నవ్వు ఆపుకోలేకపోయాడు. "పక్కకి పడుకోబెట్టి, గ్లూకోజు పెట్టండి. దిగితే లేస్తాడు" అని నర్సుకు చెప్పి తరవాతి చీటీ అందుకున్నాడు. మా మనిషి భార్యకు ఎందుకు నవ్వుతున్నారో తెలియలేదు. తాను చెప్పింది నిజం. అడిగిన ప్రతిదానికీ సరిగ్గా జవాబు చెప్పింది. ఆమె ముఖంలో ఆ తెల్లబోవడం నాకింకా గుర్తుంది.

"డాక్టరు గారూ, తాగి కొట్టింది కాదు. పత్తికి కొట్టిండు. పురుగుమందు" అన్నాను.

"కల్లు వాసన గుప్పున కొడుతోంది కదమ్మా."

చుట్టూ జనం. అందులో సగం మంది మా వైపు వాళ్ళు, నన్ను ఎరిగినవాళ్ళు. కల్లు సంగతి నాకు తెలియదంటే సరిపోయేది. ఇంటి నుంచి తాగొచ్చాడేమో అంటే అందరూ నమ్మేవాళ్ళు. కానీ బల్ల మీది మనిషి ఊపిరి గురగురలు వినిపిస్తున్నాయి.

"కల్లు నేనే పోసిన" అన్నాను. "గంట కింద. అంతకు ముందే తల తిరుగుతందని చెప్పిండు. సగం చెంబు కూడ తాగలే."

"ఒళ్ళు బాగోలేదన్నవాడికి మీరు కల్లు ఎందుకు పోశారు?"

"మందు విరగాలని."

డాక్టరు నన్ను కింది నుంచి పై దాకా చూశాడు. "చదువుకున్నారా?"

"బీఎస్సీ."

ఇంక నవ్వడానికి ఎవరూ మిగల్లేదు. నేను బల్ల దగ్గరికి వెళ్ళి మా మనిషిని బోర్లా తిప్పి, ఆ చొక్కాను వెనక నుంచి పర్రున చింపాను. తీసుకెళ్ళి డాక్టరు బల్ల మీద పడేశాను. తడి ఇంకా ఆరలేదు. ఆ ఘాటు వాసనకు చీటీలు పట్టుకున్నవాళ్ళు రెండడుగులు వెనక్కి వేశారు. వీపు మీద పంపు ఆనే చోట చర్మం ఎర్రగా, బిళ్ళలు బిళ్ళలుగా కందిపోయి ఉంది. ఆ విషపు చొక్కాను ఒంటి మీద ఉంచే మేము ముప్పావుగంట ప్రయాణం చేయించాం. ఆ సంగతి నాకు అప్పుడే తట్టింది.

"కండ్లు జూడండి ఒకసారి. తాగినోళ్ళ కండ్లు గిట్లుంటయా?" అన్నాను.

డాక్టరు టార్చి వేశాడు. కనుపాపలు ఆవగింజంత ఉన్నాయి. ఆ తరవాత అతను నాతో వాదించలేదు. ఒక్క క్షణం వృథా చేయలేదు కూడా. బట్టలన్నీ తీసెయ్యమన్నాడు. సబ్బునీళ్ళతో జుట్టు దగ్గర్నుంచి గోళ్ళ దాకా కడగమన్నాడు. అట్రోపిన్ అనే విరుగుడు ఎక్కించడం మొదలుపెట్టాడు. తలను ఒళ్ళో పెట్టుకొచ్చిన భార్యను కూడా కడగమన్నాడు. అప్పటికే ఆమెకూ వికారంగా ఉందట. ఈ గోలలో ఎవరికీ చెప్పలేదు. అతను మంచి డాక్టరు. అతనికి జబ్బు తెలుసు, వైద్యం తెలుసు. మా మాట ఒక్కటే తెలియదు. మాకు మాట తెలుసు, జబ్బు తెలియదు. మధ్యలో మనిషి పోబోయాడు.

గండం అక్కడితో తీరలేదు. మర్నాడు పొద్దున నేను వెళ్ళేసరికి అతని చేతులు మంచానికి గుడ్డ పేలికలతో వదులుగా కట్టి ఉన్నాయి. కళ్ళు పెద్దవై, ముఖం ఎర్రబడి, నోరు ఎండిపోయి ఉంది. ఎవరితోనో తమ భాషలో మాట్లాడుతున్నాడు. చేతులు అందినంత మేర గాలిలో ఏదో ఏరుతున్నాడు. మూడు వేళ్ళతో పట్టుకుని, మెలితిప్పి లాగి, నడుము దగ్గర లేని ఒడిలో వేసుకుంటున్నాడు. పత్తి తీస్తున్నాడు. గాలిలోంచి, గింజ వదలకుండా, శుభ్రంగా.

అతని భార్య మూట సర్దుకుని కూర్చుంది.

"అక్కా, నేను తోల్కపోత. గాలి సోకింది. పోయినోళ్ళతోని మాట్లాడుతుండు. మా గూడెంల పెద్దాయనకు జూపిస్త."

"గాలి కాదు, దయ్యం కాదు. ఒంట్ల ఎక్కిన మందుకు విరుగుడుగ ఇంకో మందు ఇస్తున్రు. ఆ మందుతోనే గిట్ల మాట్లాడుతుండు. మంచిదే. మందు పనిచేస్తుందన్నట్టు."

ఆమెకు కోపం రావడం నేను అంతకు ముందు చూడలేదు.

"ఏ మందక్కా? కొట్టే మందా, తాగే మందా, సూది మందా? మీరు పోసింది మందే, కొట్టమన్నది మందే, ఈడ ఎక్కిస్తున్నది మందే. అన్నీ మందులే అయితే మనిషిని సంపేది ఏది, బతికిచ్చేది ఏది? మాకెట్ల ఎర్కైతది?"

కాలేజీలో నరాల పాఠం చదివాను. నరం చివర ఏం పుడుతుందో, దాన్ని ఎప్పటికప్పుడు ఏది తుడిచేస్తుందో, తుడవకపోతే కండ ఎందుకు అదురుతుందో రాసి మార్కులు తెచ్చుకున్నాను. పురుగును చంపేదీ, మనిషిని పడేసేదీ ఒకటే దెబ్బ అని ఆ పాఠంలోనే ఉంది. మా పెరటి దాకా మాత్రం నేను దాన్ని తీసుకురాలేదు.

"కొట్టింది విషం" అన్నాను. "చేనుకు కొట్టేది విషం. ఆ సూదిల ఉన్నది మందు. అది ఒంట్ల ఉన్నంతసేపు పత్తి తీస్తనే ఉంటడు. తియ్యనియ్యి."

"ముందుగాలే గట్ల చెప్పొచ్చు గద" అంది. మూట మంచం కింద పెట్టింది.

ఐదో రోజు అతను నన్ను గుర్తుపట్టాడు. మొదటి మాట, "అమ్మా, పడమటి దిక్కు నాలుగు సాళ్ళు మిగిలినయ్" అన్నాడు. నేను ఏడవలేదు. "ఆ నాలుగు సాళ్ళు పురుగులకే ఇచ్చేసినం, నువ్వు పండుకో" అని కసిరాను.

ఇంటికొచ్చాక మా ఆయనకూ నాకూ జరిగిన యుద్ధం రెండు వారాలు నడిచింది. సైకిల్ ట్యూబు సంగతి నేను ఎత్తినప్పుడల్లా ఆయన కల్లు చెంబు సంగతి ఎత్తాడు. న్యాయమే.

"కొట్టకపోతే పత్తి పండుద్దా? నువ్వు పండించి చూపించు" అన్నాడు.

"కొట్టొద్దన్నానా? ఎవరి వీపు మీద కారుతుందో చూడమన్నాను. అంత భయం లేకపోతే రేపు ఆ పంపు నువ్వే వేసుకో."

వేసుకున్నాడు కూడా, పౌరుషం కొద్దీ. కొత్త పంపే, కారదు. అయినా రెండో ట్యాంకుకే తలనొప్పి అని వచ్చాడు. "ఎండదెబ్బ" అన్నాను. నా వైపు చూసిన చూపు చాలా బాగుంది.

ఆ తరవాతే మా చేను గట్టున ఒక నీళ్ళ డ్రమ్ము, సబ్బు, ఉతికిన బట్టలు వచ్చాయి. కలపడానికి కట్టె వచ్చింది. నాలుగు ట్యాంకులకు మించి ఒక మనిషి కొట్టకూడదన్న మాట వచ్చింది. పెరట్లో కల్లు ఆగిపోయింది. మాట మార్చడం మాత్రం అన్నిటికంటే కష్టమైంది. మొదటిసారి నేను తల్లాడలో ఒక పురుగుమందుల దుకాణానికి వెళ్ళి, "పచ్చపురుగుకు విషం ఇవ్వు" అంటే, దుకాణదారు డబ్బా తీయబోయిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఏందమ్మా, ఇంట్ల ఏమన్న లొల్లయిందా? సారు యాడున్నడు? ఫోన్ నెంబర్ చెప్పండి."

"లొల్లి రోజూ అయితది. అందుకు నేను చావను. పురుగులకు కావాలె."

"మరి మందు అనొచ్చు గదమ్మా! జనం ఇంటే ఏమనుకుంటరు?"

"నువ్వు అమ్మే డబ్బా మీద కంపెనీవాడే పుర్రె బొమ్మేసిండు. నీకు సిగ్గు, వాడికి లేదు."

డబ్బా ఇచ్చాడు గానీ, ఆ సాయంత్రం మా ఆయనకు ఎవరి ద్వారానో కబురు పంపాడు, మీ ఇంటామెను కనిపెట్టుకుని ఉండమని. అది నాకు నచ్చింది. పేరు మారిస్తే ఒక దుకాణదారుకు కూడా అమ్మే ముందు చెయ్యి ఆగింది.

మా మనిషి బతికాడు గానీ, ముందున్న మనిషిగా తిరిగి రాలేదు. వేళ్ళ చివర్లలో స్పర్శ పోయింది. చొక్కా గుండీలు భార్య పెట్టాలి. పేర్లు మరిచిపోయేవాడు, ఎడ్లవి కూడా. ఆ చేతుల్లోకి మళ్ళీ పంపు రాకూడదని నేను ఖండితంగా చెప్పాను. మా ఇంట్లోనే పశువుల పని, తోట కాపలా చూసుకున్నాడు. అది దయ కాదు. అతనికీ తెలుసు, నాకూ తెలుసు.

ఒకసారి అతన్ని అడిగాను, "మీ భాషల దీన్ని ఏమంటరయ్యా?"

"మందే అంటమమ్మా. అది మా తాన పుట్టిన వస్తువైతే మాకు మాటుంటది. మీరు తెచ్చిన్రు, పేరు గూడ మీరే తెచ్చిన్రు."

వాదనలో నన్ను ఓడించినవాళ్ళు తక్కువ. ఆ ఇంట్లో ఇద్దరూ ఓడించారు.

ఈ మాట గూడెంలో గానీ, మా ఊళ్ళో గానీ పాకిందని చెప్పను. జనం ఇప్పటికీ మందు అనే అంటారు. నేను విషం అంటే చాటున నవ్వుతారు. నవ్వనివ్వండి. కానీ రెండేళ్ళ తరవాత ఒక పొద్దున, పెరట్లో బట్టలు ఆరేసి లోపలికి వచ్చానో లేదో, అతను తోట వైపు నుంచి వేగంగా నడుచుకుంటూ వచ్చాడు. వేగంగా నడిస్తే కాళ్ళు తడబడతాయి, అయినా వచ్చాడు.

"అమ్మా, అవతలోళ్ళ చేన్ల విషం కొడుతున్రు. గాలి మన దిక్కే ఉన్నది. బట్టలు లోపలికి తీసుకో."

విషం అన్నాడు. నా కోసం అన్నాడో, తన కోసం అన్నాడో అడగలేదు. ఇద్దరం తాడు దగ్గరికి వెళ్ళాం. అతను ఒక చీర అంచు పట్టుకుని క్లిప్పు నొక్కబోయాడు. వేళ్ళు జారాయి. మళ్ళీ నొక్కాడు. ఏది క్లిప్పో, ఏది బట్టో వేళ్ళకు తెలియడం లేదు. కళ్ళతో చూసి చూసి పట్టుకుంటున్నాడు. ఈలోపు నేను అవతలి నుంచి నాలుగు బట్టలు లాగేశాను.

"అది వదిలెయ్యయ్యా. నేను తీస్త."

"తీస్తున్నగదమ్మా. ఏం తొందర?"

"తొందరున్నది. గాలి ఇటే వస్తంది."

"తెలుసు. నేనే గద చెప్పిన" అన్నాడు, క్లిప్పు మీంచి కళ్ళు తీయకుండా. మూడోసారికి అది ఊడింది.